బొగ్గు గుట్టపై ద్రాక్ష: ఫ్రాన్సు, ఇటలీ వైన్ తయారీ వెలుగులో రామగుండం ప్రాంతపు ఒక పరిశీలన

రామగుండం, గోదావరిఖని పరిసరాల్లో ఓపెన్‌కాస్టు పద్ధతిన బొగ్గు తీసిన ప్రతిచోటా రెండు భూరూపాలు మిగులుతాయి. ఒకటి గొయ్యి, రెండవది గుట్ట. బొగ్గు పొరను కప్పి ఉన్న ఇసుకరాయిని, షేలును, బంకమట్టిని పేల్చి, తవ్వి, డంపర్లతో ఒకచోట పోయగా ఏర్పడిన ఈ గుట్టలను స్థానికులు ఓబీ గుట్టలంటారు. వీటిపై మొక్కలు నాటడం సింగరేణి సంస్థకు కొత్త పని కాదు. అయితే కేవలం పచ్చదనం కాక, చుట్టుపక్కల గ్రామాలకు ఆదాయమిచ్చే పంటను ఆ గుట్టలపై పెంచవచ్చునా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తల ముందు ఇంకా నిలిచే ఉన్నది. ఈ ప్రశ్నకు ఐరోపా బొగ్గు క్షేత్రాల్లో ఒక జవాబు కనిపిస్తుంది. చూడగానే ఆకర్షించే జవాబు అది. దానిని నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

ఉత్తర ఫ్రాన్సులోని నోర్-పా-ద-కలే బొగ్గు క్షేత్రంలో చివరి గని 1990 డిసెంబరులో మూతపడింది. గనుల పక్కన పోసిన నల్లని రాతి గుట్టలను అక్కడివారు 'తెరీ' అంటారు. ఆ గుట్టలతో, కార్మికుల కాలనీలతో సహా ఆ మైదానంలోని ఎంపిక చేసిన భాగాలను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఆయికూర్ అనే గ్రామం వద్ద ఉన్న ఒక గుట్ట వాలుపై 2011లో షార్డొనే రకపు ద్రాక్ష నాటారు. ఆ పండ్ల నుంచి తయారైన తెల్ల వైన్‌కు 'షార్బొనే' అని పేరు పెట్టారు. ఫ్రెంచి భాషలో బొగ్గు అనే మాటను, ద్రాక్ష రకం పేరును కలిపి చేసిన చమత్కారమది.

ఇటలీలోని ఉదాహరణ వేరొక రకానిది. సార్డీనియా ద్వీపపు నైరుతి మూలన సుల్సిస్ అనే ప్రాంతమున్నది. ఆ దేశపు ప్రధాన బొగ్గు క్షేత్రమదే. గని కార్మికుల కోసం ఫాసిస్టు ప్రభుత్వం అక్కడ కార్బోనియా అనే కొత్త పట్టణాన్ని కట్టి 1938 డిసెంబరులో ప్రారంభించింది. దాని ప్రధాన గని సెర్బరియు 1964లో మూతపడి, ఇప్పుడు మ్యూజియమైంది. అదే సుల్సిస్‌లో సముద్రతీరపు ఇసుక నేలల్లో కరిన్యానో అనే ఎర్ర ద్రాక్ష పండుతుంది. 1977 నుంచి ఆ వైన్‌కు ప్రాంతపు పేరుతో చట్టబద్ధమైన గుర్తింపు ఉన్నది. అక్కడ తీగలు బొగ్గు గుట్టపై లేవు. బొగ్గు రాకముందూ ఉన్నాయి, బొగ్గు పోయిన తరువాతా ఉన్నాయి.

ఈ రెండు ఉదాహరణలలో ఏది రామగుండానికి పాఠం కాగలదో తేల్చాలంటే ముందు వైన్ ఎట్లా తయారవుతుందో, ఏ నేల, ఏ వాతావరణం దానికి విలువ తెస్తాయో తెలియాలి.

కల్లు, వైన్: తేడా ఎక్కడున్నది?

గోదావరిఖని వీధుల్లో 'వైన్స్' అన్న బోర్డు ప్రతి కూడలిలోనూ కనిపిస్తుంది గాని, ఆ దుకాణాల్లో అమ్ముడయ్యే సరుకులో వైన్ వాటా అత్యల్పం. విస్కీ, బ్రాందీ, బీరు కొనే చోటికి ఆ పేరు ఎందుకో స్థిరపడింది. శాస్త్ర పరిభాషలో వైన్ అంటే తాజా ద్రాక్ష రసం పులియగా ఏర్పడిన పానీయం. దానిని బట్టీ పెట్టరు, నీరు కలపరు. పద్ధతిని బట్టి చూస్తే వైన్‌కు దగ్గరి బంధువు విస్కీ కాదు, కల్లు.

ఈ పోలిక విద్యార్థులకు ఉపయోగపడుతుంది. తాటి కల్లు, ఈత కల్లు, ద్రాక్ష వైన్, మూడింటిలోనూ చక్కెర ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. తాటి నీరాలో చక్కెర సుమారు 10 నుంచి 12 శాతం. వైన్ కోసం కోసే ద్రాక్షలో 20 నుంచి 24 బ్రిక్స్ ఉంటుంది. లీటరు రసంలో ఉన్న ప్రతి 17 గ్రాముల చక్కెరకు సుమారు ఒక శాతం ఆల్కహాలు ఏర్పడుతుంది. కనుక లీటరుకు 220 గ్రాముల చక్కెర ఉన్న రసం పూర్తిగా పులిస్తే 13 శాతానికి దగ్గరగా వస్తుంది. ఇంతవరకు తేడా పరిమాణానిదే. అసలు తేడా పులుపులో ఉన్నది.

చెట్టు నుంచి కారే నీరా పీహెచ్ దాదాపు 7. అది ఏ సూక్ష్మజీవికైనా అనుకూలమే. అందువల్ల లొట్టిలో ఈస్టుతో పాటు జైమోమోనాస్ వంటి బాక్టీరియా, లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలను చేసే బాక్టీరియా ఏకకాలంలో పని మొదలుపెడతాయి. ఉదయం తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడి, మరునాటికి తాగలేని స్థితికి వస్తుంది. నీరా పులియకుండా ఆపడానికి లొట్టి లోపల సున్నం పూయడం గీత కార్మికులకు తెలిసిన ఉపాయం. ద్రాక్ష రసం పీహెచ్ మాత్రం 3.0 నుంచి 3.6 మధ్య ఉంటుంది. మొక్కల లోకంలో అరుదుగా కనిపించే టార్టారిక్ ఆమ్లం ద్రాక్షలో పుష్కలం. ఆ పులుపులో చాలా రకాల బాక్టీరియా పెరగలేవు, ఈస్టు మాత్రం హాయిగా పెరుగుతుంది. వైన్ ఏళ్ల తరబడి నిలవడానికి మొదటి కారణం తయారీదారు నేర్పు కాదు, పండులోని పులుపు.

ఈ విషయాన్ని ఒక లెక్కతో నిర్ధారించుకోవచ్చు. వైన్ చెడిపోకుండా సల్ఫర్ డయాక్సైడును స్వల్పంగా వాడతారు. అందులో సూక్ష్మజీవులపై పనిచేసేది అణురూపంలో ఉన్న భాగం మాత్రమే. పీహెచ్ 3.0 వద్ద ఆ భాగం సుమారు 6 శాతం, 4.0 వద్ద సుమారు 0.6 శాతం. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అదే రక్షణకు పదింతల మందు కావాలన్నమాట. వేడి ప్రాంతంలో పులుపు కోల్పోయిన ద్రాక్షతో మంచి వైన్ చేయడం ఎంత కష్టమో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది.

తయారీ దశలు

తెల్ల వైన్‌కు, ఎర్ర వైన్‌కు ముడి రసం దాదాపు ఒకటే. రంగు తొక్కలో ఉంటుంది. తెల్ల వైన్ కోసం పండ్లను వెంటనే పిండి, తొక్కను, గింజను తీసివేసి, రసాన్ని 14 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ వద్ద నెమ్మదిగా పులియబెడతారు. వేడి పెరిగితే సువాసన ద్రవ్యాలు వాయువుతో పాటు ఎగిరిపోతాయి. ఎర్ర వైన్ కోసం పండ్లను తొక్కతోనే తొట్టెలో వేసి 25 నుంచి 30 డిగ్రీల వద్ద పులియబెడతారు. పైకి తేలే తొక్కల మీగడను రోజూ కిందికి తొక్కడమో, అడుగు రసాన్ని పంపుతో పైకి పోయడమో చేయాలి. రంగు, వగరునిచ్చే టానిన్లు ఆ సమయంలోనే రసంలోకి దిగుతాయి.

ఆ తరువాత దాదాపు ఎర్ర వైన్లన్నింటిలోనూ, కొన్ని తెల్ల వైన్లలోనూ రెండవ మార్పు జరుగుతుంది. ఈనోకాకస్ అనే బాక్టీరియా పదునైన మాలిక్ ఆమ్లాన్ని మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. చలి దేశపు వైన్‌కు ఇది వరం. పులుపు ముందే తక్కువగా ఉన్న వైన్‌కు ఇదే మార్పు నష్టం కూడా కావచ్చు. పులిసిన వైన్‌ను ఓక్ పీపాల్లో నిలవ ఉంచడం మూడవ దశ. బోర్డో పీపా 225 లీటర్లు, బర్గండీ పీపా 228 లీటర్లు. చెక్క రంధ్రాల గుండా అందే అతి కొద్ది ప్రాణవాయువు టానిన్ల వగరును తగ్గించి రంగును స్థిరపరుస్తుంది. అదే గాలి ఎక్కువైతే వైన్ వినెగర్‌గా మారుతుంది. ఉత్తమ తయారీదారుల శ్రమలో పెద్ద భాగం గాలిని కొలిచి ఇవ్వడానికే ఖర్చవుతుంది.

ఈ సామాన్య పద్ధతిపై ప్రతి ప్రాంతమూ తన వాతావరణాన్ని బట్టి ఒక ప్రత్యేకత కనిపెట్టింది. షాంపేన్ ప్రాంతం చల్లనిది. అక్కడి పండు పూర్తి తీపి రాకముందే శరదృతువు ముగుస్తుంది. ఆ లోపాన్నే వారు గుణంగా మార్చుకున్నారు. తొలి కిణ్వనం ముగిసిన పలుచని, పుల్లని వైన్‌ను సీసాలో పోసి, లీటరుకు 24 గ్రాముల చక్కెర, కొద్దిగా ఈస్టు కలిపి మూత బిగిస్తే, లోపలే మరోమారు పులిసి సుమారు 6 వాతావరణాల పీడనం ఏర్పడుతుంది. సాధారణ షాంపేన్‌ను కనీసం 15 నెలలు, ఒకే ఏటి పంటతో చేసినదానిని కనీసం 3 సంవత్సరాలు నిలవ ఉంచాలన్నది నియమం. ఇటలీలోని వెరోనా సమీపంలో, వల్పొలిచెల్లా కొండల్లో దీనికి పూర్తిగా భిన్నమైన పని చేస్తారు. కోసిన గుత్తులను గాలి ఆడే అటకలపై మూడు, నాలుగు నెలలు ఆరబెట్టి, బరువులో మూడో వంతుకు పైగా తగ్గిన తరువాత పులియబెడతారు. అమరోనే అనే గాఢమైన వైన్ అట్లా వస్తుంది. బోర్డోకు దక్షిణాన సోటెర్న్‌లో నది పొగమంచు వల్ల పండుపై పెరిగే బోట్రైటిస్ బూజును ప్రత్యేకంగా కోరుకుంటారు. తెలుగు రైతు చూడగానే మందు కొట్టే తెగులు అక్కడ తేనెవంటి తీపి వైన్‌కు మూలం. ఉదయం మంచు, మధ్యాహ్నం ఎండ అన్న క్రమం తప్పితే అక్కడ కూడా అది కుళ్లే.

ఎండ ఎటు నడుస్తున్నది?

ఒక చోట వైన్ ద్రాక్ష పండుతుందా అన్నది చూడడానికి అమెరిన్, వింక్లర్ అనే కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 1944లో ఒక కొలమానం ప్రతిపాదించారు. రోజు సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీలకు పైన ఉన్న భాగాన్ని పెరుగుదల కాలమంతటికీ కూడడమే ఆ పద్ధతి. సెల్సియస్ లెక్కలో 1389 యూనిట్ల లోపు ఉంటే మొదటి, అంటే చల్లని మండలం. 2222 దాటితే ఐదవ, అంటే అత్యుష్ణ మండలం. ఉత్తర ఫ్రాన్సులో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు సగటు 15 డిగ్రీలని అనుకుంటే 214 రోజులకు 1070 యూనిట్లు వస్తాయి. అది ద్రాక్షకు అంచు వాతావరణం. అక్కడ ప్రతి డిగ్రీ విలువైనదే. నల్లని షేలు గుట్ట పగటి ఎండను పీల్చుకుని రాత్రి విడుస్తుంది. దక్షిణానికి తిరిగిన వాలు వంగిన సూర్యకిరణాలను నేరుగా అందుకుంటుంది. రాళ్ల మధ్య నీరు నిలవదు. మైదానంలో పండని షార్డొనే గుట్టపై పండడానికి ఈ మూడూ తోడ్పడ్డాయి.

ఇప్పుడు రామగుండం. దక్కను పీఠభూమిపై ద్రాక్ష తీగ చలికాలంలో నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు చేస్తారు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాపు కోసం. అక్టోబరు నడుమ కత్తిరిస్తే కాయ మార్చి నడుమకు కోతకొస్తుంది. ఈ 150 రోజులకు సగటు 24 డిగ్రీలని తీసుకుంటే 2100 యూనిట్లు. వింక్లర్ పట్టికలో అది నాలుగవ మండలపు సంఖ్య. ఆ పట్టిక ఏప్రిల్-అక్టోబరు కాలానికి ఉద్దేశించినది గనుక ఇక్కడ పోలిక స్థూలమే. అయినా ఈ సంఖ్యను మాత్రమే చూసినవారు రామగుండంలో వైన్ ద్రాక్ష సాధ్యమేనని నివేదిక రాయగలరు. లోపం మొత్తంలో లేదు, క్రమంలో ఉన్నది.

ఇటలీలోని పీడ్‌మాంట్ కొండల్లో నెబ్బియోలో ద్రాక్ష అక్టోబరులో పండుతుంది. ఆ పేరు పొగమంచుకు ఇటాలియన్ మాట అయిన 'నెబ్బియా' నుంచి వచ్చిందంటారు. పండు చివరి నలభై రోజులు గడిపేది చల్లబడుతున్న ఋతువులో. రాత్రులు చల్లగా ఉండడం వల్ల పండు శ్వాసక్రియలో మాలిక్ ఆమ్లం తక్కువగా ఖర్చవుతుంది. తీపి పెరుగుతుండగా పులుపు మిగులుతుంది, తొక్కలో రంగు కడుతుంది. కోసిన ఆ పండుతో చేసే బరోలో వైన్‌ను, 18 నెలలు చెక్క పీపాలో ఉండేలా, మొత్తం 38 నెలలు నిలవ ఉంచిన తరువాతే అమ్మాలి. అంతకాలం తట్టుకునే పులుపు, టానిను ఆ అక్టోబరు రాత్రులిచ్చినవే. రామగుండంలో ఇదంతా తలకిందులు. డిసెంబరు, జనవరి చలి కాయ చిన్నగా ఉన్నప్పుడే వచ్చిపోతుంది. ఫిబ్రవరిలో కాయ మెత్తబడే వేళకు ఎండ ఎక్కుతుంది. మార్చిలో ఉష్ణోగ్రత 35 దాటిన కొద్దీ తొక్కలో ఆంథోసయనిన్ల తయారీ మందగిస్తుంది, ఆమ్లం వేగంగా తరుగుతుంది, పొటాషియం చేరి పీహెచ్ పెరుగుతుంది. రంగు, సువాసన సిద్ధం కాకముందే తీపి వచ్చేస్తుంది. ఐరోపా ద్రాక్ష చలివైపు నడుస్తూ పండితే ఇక్కడి ద్రాక్ష ఎండవైపు నడుస్తూ పండుతుంది.

ఆయికూర్ ఉదాహరణలోని అసలు చిక్కు ఇక్కడే బయటపడుతుంది. ఉత్తర అక్షాంశం 50 డిగ్రీల వద్ద నల్ల గుట్టకు గుణమైనది 19 డిగ్రీలకు కొంచెం దిగువన ఉన్న రామగుండంలో దోషమవుతుంది. మే నెలలో గాలి ఉష్ణోగ్రతే కొన్ని రోజులు 45 డిగ్రీలు దాటే చోట నల్ల షేలు ఉపరితలపు వేడి ఇంకా ఎంతో ఎక్కువ. ఏప్రిల్ కత్తిరింపు తరువాత వచ్చే లేత కొమ్మలోనే తరువాతి పంటకు పూమొగ్గలు రూపుకట్టాలి. ఆ కొమ్మ సరిగ్గా ఆ వేడిలోనే పెరగవలసి వస్తుంది. ఆపై నైరుతి వానలు మొదలైతే బూజు తెగులు, పక్షికన్ను తెగులు పట్టుకుంటాయి.

అదే గోదావరి, వేరే ఎత్తు

నాసిక్‌లో సాధ్యమైనది రామగుండంలో ఎందుకు కాదని అడగడం సహజం. రెండూ గోదావరి తీరాలే. దేశంలో వైన్ పరిశ్రమకు నేడు కేంద్రమైన నాసిక్ ప్రాంతంలో సిరా, కాబెర్నే సొవిన్యోఁ, సొవిన్యోఁ బ్లాఁ, షెనాఁ బ్లాఁ వంటి ఫ్రెంచి రకాలు సాగవుతున్నాయి. 'నాసిక్ వ్యాలీ వైన్'కు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. కాని నది పుట్టుకకు దగ్గరగా ఉన్న నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంటే, నది వందల కిలోమీటర్లు దిగివచ్చాక కనిపించే రామగుండం 200 మీటర్లకు మించదు. ఆ ఎత్తు తేడా రాత్రి చలిలో, మార్చి ఎండలో స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ పరిసరాల్లో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి తోటలు వర్ధిల్లినది కూడా 500 మీటర్లకు పైబడిన పీఠభూమిపైనే. పైగా అది తినే ద్రాక్ష. గుత్తి పెద్దది, కాయ పెద్దది, రసం ఎక్కువ. వైన్ ద్రాక్షకు కావలసింది దీనికి వ్యతిరేకం: చిన్న కాయ, మందపు తొక్క, తక్కువ దిగుబడి. ఎకరాకు టన్నులు లెక్కించే అలవాటున్న విస్తరణ వ్యవస్థకు దిగుబడి తగ్గించి నాణ్యత పెంచడమన్న ఆలోచన కొత్తగా ఉంటుంది. ఫ్రాన్సులో మాత్రం హెక్టారుకు ఎంతకు మించి పండించరాదో నియమాలే చెబుతాయి.

గుట్ట మట్టి గురించి

గని మనిషికి తెలిసిన భూగర్భశాస్త్రం ఐరోపా వైన్ రైతుకూ తెలుసు. షాంపేన్‌లో సుద్ద, బర్గండీలో జురాసిక్ సున్నపురాయి, మెదోక్‌లో గులకరాళ్లు, బరోలోలో సున్నపు బంకమట్టి అని వారు ఊరి పేరుతో పాటు రాయి పేరు చెబుతారు. వీటన్నింటిలో ఉమ్మడి లక్షణం సారం కాదు, నీటి నడక. వాన కురిస్తే వేరు దగ్గర నీరు నిలవకూడదు, ఎండ కాస్తే లోతున కొంత తేమ మిగలాలి. సారవంతమైన నేలలో తీగ ఆకుకు పోతుంది. నిస్సారమైన నేలే మంచి వైన్ ఇస్తుందన్న మాట అందుకే పుట్టింది. ఆ మాటను పట్టుకుని ఓబీ గుట్ట నిస్సారం గనుక ద్రాక్షకు తగినదని అనుకోవడం తొందరపాటు. బర్గండీ వాలులో వేల ఏళ్లుగా కట్టిన నేల నిర్మాణమున్నది, సూక్ష్మజీవులున్నాయి. ఓబీ గుట్టలో ఉన్నది నిన్న మొన్న పగిలిన రాయి. సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం అత్యల్పం. గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కావడం వల్ల ఇతర దేశాల గుట్టల్లో కనిపించే తీవ్ర ఆమ్లత్వం ఇక్కడ అంతగా ఉండకపోవచ్చునన్నది ఒక ఊరట. అయినా ప్రతి గుట్టకూ పీహెచ్, లవణాలు, భార లోహాలు విడిగా పరీక్షించక తప్పదు. బొగ్గు కలిసిన షేలు ఉన్నచోట లోలోపల రాజుకునే ప్రమాదాన్ని కూడా చూడాలి.

వీటన్నింటికంటె పెద్ద ఇబ్బంది నీరు. తీగకు ఎండాకాలంలో బిందు సేద్యం కావాలి. గట్టిపడని వాలుపై ఏటా నెలల తరబడి నీరు వదిలితే అది లోపలికి ఇంకి గుట్ట స్థిరత్వానికే ముప్పు తేగలదు. పందిరి రాళ్లు, తీగల బరువు, కూలీల రాకపోకలు దానికి తోడు. గుట్ట కుదురుకోవడానికే ఏళ్లు పడుతుంది. ఇక అటవీ భూమిని మళ్లించి తవ్విన చోట్ల వనీకరణ షరతులుంటాయి గనుక అక్కడ వాణిజ్య పంట ఆలోచనే ఉండదు.

సుల్సిస్ చెప్పే పాఠం

ఇంతవరకు చూసినదాన్ని బట్టి ఆయికూర్ మార్గం రామగుండానికి సరిపడదు. సుల్సిస్ మార్గం మాత్రం జాగ్రత్తగా చదవదగినది. పంతొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఐరోపా ద్రాక్ష తోటలను నాశనం చేసింది. అమెరికా జాతుల వేరుమూలాలపై అంటుకట్టడం ద్వారానే ఫ్రాన్సు, ఇటలీ తేరుకున్నాయి. సుల్సిస్ తీరపు ఇసుకలో ఆ పురుగు బతకలేదు. అందువల్ల అక్కడ ఇప్పటికీ సొంత వేరుపై నిలిచిన పాత తీగలున్నాయి. పందిరి లేకుండా, నేలకు దగ్గరగా, చిన్న పొదలా పెంచుతారు. సముద్రపు గాలిని, ఎండను అట్లా తట్టుకుంటాయి. నేల, గాలి, ఎండ మూడింటికీ ఒదిగిన రకం, ఒదిగిన పెంపకం అది.

అయినప్పటికీ ఆ వైన్ చాలాకాలం పేరులేని సరుకుగానే ఉండిపోయింది. పలుచని వైన్లకు బలమిచ్చేందుకు పీపాల లెక్కన బయటికి పోయేది. మార్పు తెచ్చినవి సహకార సంఘాలు. 1960లో ఏర్పడిన సాంతాది సంఘం తరువాతి దశాబ్దాల్లో జాకొమో తాకిస్ అనే ప్రసిద్ధ వైన్ నిపుణుని సలహాతో దిగుబడిని అదుపు చేసి, పాత తీగల పండ్లను వేరుగా పులియబెట్టి, చిన్న ఓక్ పీపాల్లో నిలవ ఉంచి, 'తెర్రె బ్రూనే' అనే పేరుతో సీసాలో అమ్మింది. చిన్న రైతులు పండించిన అదే పండు పేరున్న వైన్ అయింది. రైతుకు రావలసిన విలువ బయటి వ్యాపారి వద్ద ఆగిపోకుండా చేసినవి రెండు: సంఘపు తయారీశాల, ప్రాంతపు పేరుకు చట్టపు రక్షణ. ఫ్రాన్సు 1935లో, ఇటలీ 1963లో తెచ్చిన పేర్ల చట్టాలు ఏ ఊరి పేరు ఏ రకానికి, ఏ పద్ధతికి చెందుతుందో తేల్చి చెప్పాయి. భారతదేశంలో భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేయబడి 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. జీడిమామిడి పండు నుంచి బట్టీ పట్టే గోవా ఫెనీ 2009లో ఆ గుర్తింపు పొందింది.

ఈ దృష్టితో చూసినపుడు రామగుండంలో అడగవలసిన ప్రశ్న మారుతుంది. బయటినుంచి ఏ పంట తేవాలి అన్నది కాక, బొగ్గుకు ముందునుంచి ఈ నేలకు, ఈ ఎండకు ఒదిగి ఉన్నదేది అన్నది ప్రశ్న. తాడి, ఈత, ఇప్ప, సీతాఫలం ఆ జాబితాలో ముందుంటాయి. సీతాఫలం తెలంగాణ రాతి గుట్టల్లో నీరు పెట్టకుండానే పెరిగే చెట్టు. ఎండాకాలంలో ఆకు రాల్చి వేడిని దాటుకుంటుంది, పశువులు మేయవు. ఎండలోనే పుష్పించి, వానల తరువాత చల్లబడుతున్న ఋతువులో పండుతుంది. ఇప్ప నెమ్మదిగా పెరుగుతుంది గాని లోతుగా వేరూనుతుంది. రాలిన పువ్వులో చక్కెర అధికం. ఆదిలాబాద్ గిరిజనులకు అది ఆహారమూ, పానీయమూ. ఈత ఏడెనిమిదేళ్లకు గీతకు రాగలదు. తాడికి పదిహేనేళ్ల పైమాటే. కనుక తాడిని గుట్టపై కాక, గుట్ట చుట్టూ ఉన్న గట్లపై నాటడం మేలు.

వైన్ తయారీ శాస్త్రం ఇక్కడ నేరుగా పనికొచ్చేది నీరా విషయంలో. పులుపు లేని నీరాను వైన్‌లాగ నిలవ ఉంచాలనుకోవడం వృథా ప్రయాస. దానికి టార్టారిక్ ఆమ్లమూ లేదు, టానినూ లేదు. కాని వైన్ తయారీశాలలో పాటించే మూడు అలవాట్లు, అంటే పాత్ర శుభ్రత, చల్లదనం, గాలి నియంత్రణ, నీరాకు మరింత అవసరం. కడిగి ఆరబెట్టిన పాత్రలో పట్టి, చెట్టు కిందే మంచుపెట్టెలోకి మార్చి, గంటల వ్యవధిలో నాలుగైదు డిగ్రీలకు చేర్చగలిగితే తియ్యని నీరాగా అమ్మవచ్చు. ఆలస్యమైనది బెల్లానికో, వినెగరుకో పోవాలి. మత్తు కోసం రసాయనాలు కలిపిన కల్తీ కల్లు తెలంగాణ పట్టణాల్లో తెచ్చిన అనర్థం తెలిసిన శాస్త్రవేత్తలకు, మూలం తెలిసిన, కొలిచి చూపగల నీరా ఎంత అవసరమో విడమరచి చెప్పనక్కరలేదు. లైసెన్సు, ఎక్సైజ్ నిబంధనలు సంఘం పేర ముందే సరిచూసుకోవాలి.

గుట్టపై ఏది నాటినా నాటకముందు ఒక ఏడాది కొలతలు కావాలి. ఒకే గుట్ట ఉత్తర, దక్షిణ వాలులపై, నేలకు 5 సెంటీమీటర్ల లోతున, 30 సెంటీమీటర్ల లోతున ఉష్ణమాపకాలు ఉంచి మధ్యాహ్నం రెండు గంటలకు, తెల్లవారుజామున నమోదు చేయాలి. ఆయికూర్‌లో దక్షిణ వాలును ఎంచుకున్నారు. ఇక్కడ ఉత్తర, తూర్పు వాలులు మేలని ఊహించవచ్చు గాని, ఎన్ని డిగ్రీల తేడా ఉన్నదో సంఖ్య కావాలి. వాలు పైభాగం, నడుము, అడుగు నుంచి వేరువేరుగా మట్టి నమూనాలు తీసి రాతి ముక్కల శాతం, పీహెచ్, లవణాలు, కర్బనం చూడాలి. పోసి ఐదేళ్లయిన గుట్టను, పదిహేనేళ్లయిన గుట్టను పక్కపక్కన పోల్చితే నేల ఎంత వేగంగా కడుతున్నదో తెలుస్తుంది. వానాకాలం ముగిసి గుట్ట ఆరిన నవంబరులో ఈ పని మొదలుపెడితే, మే ఎండ నాటికి మొదటి పట్టిక చేతికొస్తుంది.